అర్జున్ ఎరిగైసి ఆన్‌లైన్ ఆట: ఆ వేగం ఎక్కడిది, 2800 దాకా ఎలా చేరింది

బంటు_ముందుకు
చెస్.కామ్‌లో గ్రాండ్‌మాస్టర్ అర్జున్ ఖాతా పేరు గాండీవం2003. టైటిల్డ్ ట్యూస్‌డేలో (టైటిల్ ఉన్న ఆటగాళ్లకు ఆ సైట్ వారం వారం పెట్టే పోటీ) ఆ పేరు కనిపిస్తే పైబల్లల దగ్గర హడావిడే. ఆ ఆటలు వరసగా చూస్తుంటే రెండు సంగతులు అర్థం కావడం లేదు. 20వ ఎత్తు దాకా స్థానం దాదాపు సమానంగానే ఉంటుంది, ఇంజిన్ (ఎవరిది పైచేయో లెక్కించే ప్రోగ్రామ్) కూడా సున్నా దగ్గరే చూపిస్తుంది. 35వ ఎత్తు వచ్చేసరికి మాత్రం అవతలివాడి దగ్గర పది సెకన్లు, ఇతని దగ్గర నిమిషం పైన ఉంటాయి. ఇది చేతి వేగమా, ఓపెనింగ్ తయారీయా, ఇంకేమైనానా? రెండోది, ఈ ఆన్‌లైన్ బ్లిట్జ్ (కొద్ది నిమిషాల ఆట) అతని క్లాసికల్ (గంటల తరబడి సాగే ఆట) రేటింగ్‌కు నిజంగా పనికొచ్చిందా? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. 1800-2000 రేటింగ్ మధ్య ఆగిపోయినవాళ్లకు ఇందులో నేర్చుకునేది ఏముందో కూడా చెప్పండి.

ఓరుగల్లు64
ముందు క్రమం చెప్తాను, మిగతా మాటలకు అదే ఆధారం.

అర్జున్ పుట్టింది 2003 సెప్టెంబరు 3న, వరంగల్‌లో. 2018లో, 15 నిండకముందే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. భారత్ నుంచి 54వ జీఎం. ఆ తర్వాత రెండేళ్లు పెద్దగా కదలిక లేదు, పైగా 2020లో కోవిడ్ వల్ల బోర్డు టోర్నీలే ఆగిపోయాయి. అతని పేరు ప్రపంచానికి తెలిసింది ఆన్‌లైన్‌లోనే. 2021లో ఛాంపియన్స్ చెస్ టూర్‌లో భాగంగా జరిగిన ఏషియన్ ర్యాపిడ్‌లో నాకౌట్ దశకు వెళ్లాడు. ఆ టూర్‌లో అక్కడిదాకా వెళ్లిన తొలి భారతీయుడు అతనే. క్వార్టర్స్‌లో అగ్రశ్రేణి ఆటగాడు అరోనియన్ చేతిలో ఓడాడు.

అదే ఏడాది నవంబరులో కోల్‌కతా టాటా స్టీల్ ర్యాపిడ్ గెలిచాడు. 2022 జనవరిలో నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీ టోర్నీ రెండో శ్రేణి విభాగమైన ఛాలెంజర్స్‌లో 13కి 10.5, ఒక రౌండ్ మిగిలుండగానే మొదటి స్థానం ఖాయం. ఆ మార్చిలో జాతీయ ఛాంపియన్, ఆగస్టులో అబుదాబి మాస్టర్స్ విజేత. సెప్టెంబరులో ఆన్‌లైన్ జూలియస్ బేర్ జనరేషన్ కప్ ఫైనల్ దాకా వెళ్లి ప్రపంచ నంబర్ వన్ కార్ల్‌సన్ చేతిలో ఓడాడు.

ఛాలెంజర్స్‌కు వెళ్లేటప్పుడు రేటింగ్ 2630ల్లో ఉంది. ఆ ఏడాదిలోనే 2700 దాటింది. 2024 డిసెంబరు జాబితాలో 2801. ఆనంద్ తర్వాత ఆ గీత దాటిన రెండో భారతీయుడు, ప్రపంచంలో 15వ వాడు.

గడియారం_మీద_చెయ్యి
మొదటి ప్రశ్నకు లెక్క కట్టి చూద్దాం. చేతి వేగం అనే మాట పక్కన పెట్టండి.

టైటిల్డ్ ట్యూస్‌డేలో చాలాకాలం నడిచిన గడియారం 3+1. అంటే 180 సెకన్లు, ఎత్తుకు ఒక సెకను చేరుతుంది. ఆట 60 ఎత్తులు సాగితే చేతిలో ఉన్నది మొత్తం 240 సెకన్లు, సగటున ఎత్తుకు 4. ఈ 240ని ఎక్కడ ఖర్చు పెడుతున్నారన్నదే అసలు సంగతి.

మొదటి 12 ఎత్తులు 15 సెకన్లలో వేస్తే, చేరిన 12 కలిపి 177 మిగులుతాయి. 13 నుంచి 30 దాకా ఎత్తుకు 6 సెకన్ల చొప్పున 108 పోతాయి, 18 చేరతాయి, 87 మిగులుతాయి. ఆ తర్వాతి 30 ఎత్తులకు ఆ 87కు ఇంకో 30 కలుస్తాయి, అంటే ఎత్తుకు దాదాపు 4 సెకన్లు. ఎండ్‌గేమ్‌లో 4 సెకన్లంటే చాలా ఎక్కువ.

ఇప్పుడు అవతలివాడి లెక్క. ఓపెనింగ్‌లో తెలియని ఎత్తు ఎదురై 12 ఎత్తులకు 60 సెకన్లు పెట్టాడు. 132 మిగిలాయి. మధ్యలో అదే 6 సెకన్ల చొప్పున ఆడినా 30వ ఎత్తుకు 42. ఒక్కచోట 30 సెకన్లు ఆలోచిస్తే 12. మీరు చూసిన 'పది సెకన్లు' ఇదే. అర్జున్ మధ్య ఆటలో అవతలివాడికంటే వేగంగా ఆడనక్కర్లేదు. నష్టం అప్పటికే జరిగిపోయింది.

సిసిలియన్_శీను
అన్నా, లెక్క బాగుంది గానీ అవతలివాడు ఆ 60 సెకన్లు ఎందుకు పెట్టాడన్నది నువ్వు చెప్పలేదు. అసలు విషయం అక్కడుంది.

అర్జున్ తెల్లపావులతో మొదటి ఎత్తుగా ఈ4 ఆడతాడు, డి4 ఆడతాడు, సి4, గుర్రం ఎఫ్3 కూడా ఆడతాడు. నల్లపావులతోనూ అంతే, ఒకదానికి కట్టుబడడు. ఫలానా వేరియేషన్ వస్తుందని ముందురోజు తయారై కూర్చోవడం కుదరదు. పైగా ఇంజిన్ మొదటి ఎంపికను పట్టుకు వేలాడడు. మూడోదో నాలుగోదో అయినా సరే, స్థానం చెడకుండా అవతలివాడు సొంతంగా ఆలోచించాల్సిన చోటుకు లాగుతాడు. ఇంజిన్ లెక్కలో 0.4 (అరబంటు కన్నా తక్కువ) ఆధిక్యం ఉండి అందరికీ కంఠతా వచ్చిన లైనుకన్నా, 0.0 అయినా ఎవరూ చూడని స్థానం బ్లిట్జ్‌లో ఎక్కువ విలువైనది.

ఆ తరహా ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. ఇది అతని సొంత కనుగోలు కాదు, చాలామంది ఆడతారు. కారో-కాన్ అడ్వాన్స్ అనే ఓపెనింగ్: 1.ఈ4 సి6 2.డి4 డి5 3.ఈ5 బిషప్ ఎఫ్5 4.హెచ్4. చూడ్డానికి పిల్లల ఎత్తులా ఉంటుంది. నల్లవైపు అలవాటుగా 4...ఈ6 వేస్తే బిషప్ పోయినట్టే.

నేర్చుకునేవాడు_1400
ఎలా పోతుంది సర్? ఈ6 అక్కడ మామూలు ఎత్తే కదా.

సిసిలియన్_శీను
ఈ6 వేయగానే బిషప్ వెనక్కి వచ్చే దారి మూసుకుపోతుంది తమ్ముడూ. 5.జి4 అంటే బిషప్ ఈ4కు వెళ్లాలి, లేదా జి6కు రావాలి. ఈ4కు వెళ్తే 6.ఎఫ్3, బిషప్ జి6, 7.హెచ్5. ఇక చోటు లేదు. నేరుగా జి6కు వస్తే 6.హెచ్5 బిషప్ ఈ4 7.ఎఫ్3, ఫలితం అదే.

అందుకే నల్లవైపు 4...హెచ్5 వేసి బంటును ఆపాలి, లేదా 4...హెచ్6 వేసి హెచ్7 గడి ఖాళీ చేసుకోవాలి. హెచ్6 తర్వాత కూడా 5.జి4కు బిషప్ డి7కు వెనక్కి రావడం మేలు. హెచ్7కు వెళ్తే 6.ఈ6! అని బంటు బలి వస్తుంది. 6...ఎఫ్ఈ6 (ఎఫ్ బంటుతో కొట్టడం) 7.బిషప్ డి3 అయ్యాక తెల్లగడుల మీద నల్లవైపుకు పట్టు ఉండదు, రాజు పక్కన అంతా బొక్కలే, పావులు కదలడం కష్టం. ఇదంతా తెలిసినవాడికి 3 సెకన్లు పడుతుంది, తెలియనివాడికి 40. గడియారంలో తేడా అలా పుడుతుంది.

గుంటూరు_ఎండ్‌గేమ్
శీను గారు, ఓపెనింగ్‌కు అంత పెద్దపీట వేయడం నాకు నచ్చలేదు. 2025 జులైలో లాస్ వేగాస్ ఫ్రీస్టైల్ టోర్నీ తీసుకోండి. అక్కడ వెనక వరస పావులను చీటీ వేసినట్టు మార్చి పెడతారు, ఓపెనింగ్ తయారీ అన్నదే ఉండదు. అక్కడా అర్జున్ సెమీఫైనల్ చేరాడు. ఆ ఫ్రీస్టైల్ గ్రాండ్ స్లామ్ పోటీల్లో సెమీస్ దాకా వెళ్లిన తొలి భారతీయుడు అతనే. అంటే మూలం ఇంకెక్కడో ఉంది.

నా అభిప్రాయంలో అది బిగువును విడవకుండా ఆడటం. రెండు బంట్లు ఎదురెదురుగా ఉన్నప్పుడు చాలామంది లెక్క సులువవుతుందని వెంటనే కొట్టేస్తారు. అతను కొట్టడు, కొట్టే హక్కును దాచుకుని ఇంకో పావును మెరుగైన గడికి తెస్తాడు. కొడితే ఏమవుతుంది, కొట్టకపోతే ఏమవుతుంది అని అవతలివాడు ప్రతి ఎత్తుకూ రెండు లెక్కలూ చూసుకోవాలి. నాలుగైదు ఎత్తులు ఇలా గడిస్తే ఎక్కడో ఒకచోట తప్పు దొర్లుతుంది. క్వీన్‌లు మార్చుకోవడంలోనూ ఇదే పద్ధతి. తనకు లాభం లేని మార్పిడిని ఊరికే ఒప్పుకోడు.

సిసిలియన్_శీను
గుంటూరు గారూ, ఫ్రీస్టైల్ సంగతి ఒప్పుకుంటాను, అది బలమైన ఉదాహరణే. నేనన్నది కంఠస్థం గురించి కాదు. కొత్త స్థానంలో అవతలివాడికన్నా తనకే సౌకర్యం ఎక్కువని అతనికి తెలుసు, ఓపెనింగ్ ఎంపికతో ఆ స్థానాన్ని బల్ల మీదికి తెస్తున్నాడు. మన ఇద్దరి మాటలూ ఒకచోటే కలుస్తాయి.

ఎలో_లెక్కలు
రెండో ప్రశ్నకు వస్తాను. ఈ శైలి అతనికి సరదా కోసం కాదు, అవసరం. ఎందుకో రేటింగ్ లెక్కలోనే ఉంది.

2700 పైన ఉన్నవాళ్లు మామూలుగా తమలో తామే ఆడుకునే ఆహ్వాన టోర్నీలకు వెళ్తారు. ఆహ్వానాలు అంతగా రాని రోజుల్లో అర్జున్ ఓపెన్ టోర్నీలు ఆడాడు. షార్జా, మెనోర్కా, లీగ్ ఆటలు, ఏది దొరికితే అది. ఎలో అనే రేటింగ్ పద్ధతిలో 200 పాయింట్లు తక్కువ ఉన్నవాడి మీద మీ నుంచి ఆశించేది ఆటకు 0.76 (గెలుపు 1, డ్రా 0.5). ఒక్క ఆటకు రేటింగ్ ఎంత మారాలో తేల్చే కె-గుణకం ఈ స్థాయిలో 10. గెలిస్తే 10 × (1 - 0.76) = 2.4 వస్తాయి. డ్రా అయితే 10 × (0.5 - 0.76) = 2.6 పోతాయి. ఓడితే 7.6 గోవిందా.

అంటే ఒక్క డ్రా ఒక గెలుపును తినేస్తుంది. నాలుగు ఆటల్లో మూడు గెలిచి ఒకటి డ్రా చేస్తే మిగిలేది 4.6 పాయింట్లు. తేడా 100 పాయింట్లే అయితే ఆశించేది 0.64, డ్రాకు పోయేది 1.4 మాత్రమే. ఓపెన్‌లలో ఆడుతూ 2800 చేరాలంటే నల్లపావులతో కూడా గెలవాలి. పెట్రోఫ్ లాంటి నిమ్మళమైన ఓపెనింగ్ ఆడి డ్రాకు చేతులు కలిపితే కుదరదు. సమానంగా ఉన్న స్థానంలోంచి గెలుపు పిండే అలవాటు అతనికి ఈ లెక్కే నేర్పింది. వారం వారం ఆన్‌లైన్‌లో 11 రౌండ్ల స్విస్ (ఎవరూ బయటికి పోకుండా, ఇంచుమించు సమాన పాయింట్లు ఉన్నవాళ్లు తలపడే పద్ధతి) ఆడటం దానికి సరైన సాధన, ఎందుకంటే అక్కడ ముందుకెళ్లాలంటే వరస గెలుపులే దారి.

2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మూడో బోర్డు మీద 11కి 10 తెచ్చాడు. తొమ్మిది గెలుపులు, రెండు డ్రాలు.  ఆ అక్టోబరు 24న యూరోపియన్ క్లబ్ కప్‌లో ఆండ్రెయికిన్‌ను ఓడించినప్పుడు లైవ్ రేటింగ్ (అధికారిక జాబితా రాకముందే ఆట ఆటకూ కట్టే లెక్క) 2800 దాటింది.

ఓరుగల్లు64
ఆన్‌లైన్ రేటింగ్ 3000 పైన, ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) రేటింగ్ 2800 అని రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చే పోస్టులు అప్పుడప్పుడు వస్తుంటాయి. అలా పోల్చకూడదు. ఆటగాళ్ల సమూహం వేరు, సూత్రం వేరు, మొదలుపెట్టే అంకె వేరు. ఒక సైట్ బ్లిట్జ్ అంకెను ఇంకో సైట్ అంకెతో కూడా పోల్చలేం.

నైట్_ఎఫ్5
మంచి సంగతులు చెప్తున్నారు కానీ లోపాల గురించి ఎవరూ రాయలేదు. అవి తెలియకపోతే శైలి సగమే తెలిసినట్టు.

2022 జూలియస్ బేర్ ఫైనల్ రెండు రోజులూ చూడండి. మొదటి రోజు కార్ల్‌సన్ 2.5-0.5, రెండో రోజు 2-0. అర్జున్ ఇచ్చిన చిక్కుముళ్లను అతను విప్పే ప్రయత్నం చేయలేదు, వాటి జోలికే పోలేదు. స్థానాన్ని సులువు చేసి, చిన్న ఆధిక్యంతో నెమ్మదిగా నొక్కాడు. బిగువు పెంచే ఆటగాడికి, ఆ బిగువును భయం లేకుండా సడలించేసేవాడు దొరికితే కష్టం. తర్వాతి నెల ఎయిమ్‌చెస్ ర్యాపిడ్‌లో, అదీ ఆన్‌లైనే, కార్ల్‌సన్‌ను అర్జున్ మొదటిసారి ఓడించాడు. అంటే పాఠం వెంటనే పట్టాడన్నమాట.

రెండో లోపం, అతిగా నొక్కడం. డ్రా అయ్యే స్థానంలో గెలుపు కోసం ఒక బంటునో రాజు భద్రతనో పణంగా పెడతాడు. 2550 వాడి మీద అది చెల్లుతుంది, 2750 వాడి మీద ఎదురు తగులుతుంది. 2025 వైక్ ఆన్ జీ మాస్టర్స్‌లో అదే కనిపించింది, టోర్నీ బాగా సాగలేదు. 2801 నుంచి రేటింగ్ దిగడానికి ఇదే ముఖ్య కారణమని నా అంచనా.

గుంటూరు_ఎండ్‌గేమ్
నైట్ గారి మాట నిజం. ఇక్కడ గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ గారి ఆటతో పోల్చి చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. బుడాపెస్ట్ జట్టులో ఆయనా ఉన్నారు. ఆయనది స్థానాన్ని కొద్దికొద్దిగా బాగుచేసుకుంటూ, ముప్పు లేకుండా ఎండ్‌గేమ్‌కు తీసుకెళ్లే తీరు. ఓటములు తక్కువ, డ్రాలు ఎక్కువ. అర్జున్‌ది దానికి ఎదురు. రెండూ నేర్చుకోదగ్గవే, కానీ 1900 దగ్గర ఉన్నవాళ్లు ముందు హరికృష్ణ గారి ఎండ్‌గేమ్‌లు చూడటమే మంచిదని గట్టిగా చెప్తాను. పట్టు లేకుండా బిగువు పెంచితే తెగేది మన వైపే.

గడియారం_మీద_చెయ్యి
ఆన్‌లైన్ వేగం బోర్డు మీదికి అలాగే రాదని కూడా రాసుకోవాలి.

చెస్.కామ్‌లో ప్రీమూవ్ (అవతలివాడు ఆడకముందే మన ఎత్తు వేసి పెట్టడం) ఒక్కోదానికి 0.1 సెకను పోతుంది, వరసగా ఎన్నయినా వేసుకోవచ్చు. లీచెస్ అనే ఇంకో సైట్‌లో సమయం అసలు పోదు, కానీ ఒక్కటే వేయగలం. బోర్డు మీద ప్రీమూవ్ లేదు. పావును కదిపిన చేతితోనే గడియారం నొక్కాలి. పావు పడిపోతే మన సమయంలోనే సరిచేయాలి. ఫిడే బ్లిట్జ్‌లో నియమం తప్పిన ఎత్తు వేసి గడియారం నొక్కితే మొదటిసారి ప్రత్యర్థికి ఒక నిమిషం ఇస్తారు, రెండోసారి ఆటే పోతుంది. తెరమీద తప్పుడు ఎత్తు వేయడమే కుదరదు కాబట్టి ఆన్‌లైన్ వాళ్లు ఇక్కడ తడబడతారు.

ఇంకోటి, ప్రపంచ బ్లిట్జ్ 3+2. అదే 60 ఎత్తుల ఆటకు 300 సెకన్లు. 3+1లో 'సమయం అయిపోతుందిలే' అని ఆడే ఎత్తులు 3+2లో పనిచేయవు, గడియారం ఎత్తు ఎత్తుకూ ఊపిరి పోస్తుంది. ఈ తేడాను అర్జున్ సర్దుకున్నాడు. 2025 డిసెంబరులో దోహాలో ర్యాపిడ్, బ్లిట్జ్ రెండింటిలోనూ కాంస్యాలు తెచ్చాడు.

సిసిలియన్_శీను
ఇక అతని ఆటలతో ఎలా సాధన చేయాలో చెప్తాను. ఊరికే వీడియో చూసినట్టు చూస్తే ఏమీ రాదు.

గాండీవం2003 పేజీలో ఆటల భాండాగారం తెరిచి 3+1 ఆటలు 20 దించుకోండి. పీజీఎన్ (ఆట ఎత్తులన్నీ రాసి ఉండే) ఫైల్లో ప్రతి ఎత్తు పక్కన మిగిలిన సమయం ఉంటుంది, అది తీసేయకండి. ఇంజిన్ ఆపేయండి. ఒక్కో ఆటలో అర్జున్ గానీ అవతలివాడు గానీ 10 సెకన్లకు మించి ఆలోచించిన చోట్లు గుర్తుపెట్టండి, ఆటకు నాలుగైదు దొరుకుతాయి. ఆ స్థానాన్ని నిజం బోర్డు మీద పేర్చి 3 నిమిషాలు పెట్టి మీ ఎత్తు కాగితం మీద రాయండి. తర్వాతే అసలు ఎత్తు చూడండి. అన్నీ అయ్యాక ఇంజిన్ తెరవండి.

ఎక్కువమంది చేసే తప్పు, మొదటి నుంచే ఇంజిన్ పెట్టుకుని 'ఇక్కడ 0.3 తగ్గింది' అనుకుంటూ పోవడం. అర్జున్ కావాలనే ఇంజిన్ నాలుగో ఎంపిక వేసిన చోట అది పొరపాటులా కనిపిస్తుంది, నేర్చుకోవాల్సింది అక్కడే జారిపోతుంది. అలాంటి ఎత్తు కనబడితే, దాని తర్వాత అవతలివాడు ఎన్ని సెకన్లు తీసుకున్నాడో చూడండి. ఆ అంకెలో జవాబు ఉంటుంది.

నేర్చుకునేవాడు_1400
20 ఆటలకు ఎంత సమయం పడుతుంది సర్? రోజూ బ్లిట్జ్ ఎన్ని ఆడొచ్చు?

సిసిలియన్_శీను
ఆటకు ముప్పావుగంట వేసుకో తమ్ముడూ. వారానికి మూడు ఆటలైతే ఏడు వారాలు. నీ స్థాయిలో 3+1 కన్నా 10+5 లేదా 15+10 మంచిది, రోజుకు రెండు చాలు. ఆడినంత సేపూ ఆ ఆటను తిరగేసి చూడటానికి పెట్టు. రెండు వరసగా ఓడితే ఆ రోజుకు ఆపెయ్, మూడోది కోపంలో ఆడతావు.

బంటు_ముందుకు
అందరికీ ధన్యవాదాలు, ముఖ్యంగా ఎలో లెక్కకు. ఇంకొక్కటి. అతను చివర్లో రూక్ ఎండ్‌గేమ్‌లు 15 సెకన్లతో కూడా తప్పులేకుండా ఆడతాడు. అక్కడ కూడా లెక్క కడతాడా?

గుంటూరు_ఎండ్‌గేమ్
అక్కడ ఏ జీఎం కూడా మొదటినుంచి లెక్క కట్టడు, స్థానం గుర్తుపడతాడు. రూక్, బంటు ఒకవైపు, ఒంటి రూక్ ఇంకోవైపు ఉంటే ముందు ఫిలిడోర్ అనే కాపాడుకునే పద్ధతి రావాలి. మీరు నల్లవైపు కాపాడుకుంటున్నారనుకోండి. రాజును బంటు ముందు, అది క్వీన్ అయ్యే గడి దగ్గర పెట్టండి. రూక్‌ను ఆరో అడ్డవరస మీద ఉంచి అటూ ఇటూ కదపండి, తెల్లరాజు పైకి రాలేడు. తెల్లబంటు ఆరో వరసకు అడుగు పెట్టిన క్షణమే మీ రూక్ కింద మొదటి వరసకు దిగి వెనకనుంచి చెక్‌లు మొదలుపెట్టాలి. బంటు ముందుకు జరిగింది కాబట్టి దాని ముందు తెల్లరాజుకు దాక్కునే చోటు ఉండదు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, బంటు ఇంకా ఐదో వరసలో ఉండగానే కంగారుపడి చెక్‌లు ఇస్తారు. రాజు ఆరో వరస గడిలోకి ఎక్కేస్తాడు, ఆ తర్వాత కాపాడుకోవడం చాలా కష్టం. దీన్ని స్నేహితుడితో గానీ కంప్యూటర్‌తో గానీ రెండు వైపుల నుంచీ పదేసి సార్లు ఆడండి, గడియారం 15 సెకన్లు, ఎత్తుకు ఒక సెకను. అది చేతికొచ్చాక లూసెనా (బంటు ఉన్నవైపు గెలిచే పద్ధతి) మొదలుపెట్టండి.